డిఫరెన్షియల్ లాకర్లు: ఏ బండికి ఏది, ముందా వెనకా, బిగించేటప్పుడు ఏం చూడాలి

ఒక వెనక చక్రం గుంట మీద గాల్లో తేలి గిరగిరా తిరుగుతుంటుంది. గట్టి రాతి మీద ఉన్న రెండోది ఉలకదు, పలకదు. ఫోర్ వీల్ లివర్ వేసే ఉంది, ఇంజిన్ గోల పెడుతూనే ఉంది, బండి మాత్రం అంగుళం కదలదు. ఆఫ్‌రోడ్ వెళ్ళేవాళ్ళలో ఇది చూడనివాళ్ళు తక్కువ. ఆ రాత్రే లాకర్ల కోసం, అంటే ఒకే ఇరుసు మీది రెండు చక్రాలనీ కలిపి బిగించే పరికరాల కోసం వెతుకులాట మొదలవుతుంది, తికమకా అప్పుడే మొదలవుతుంది. గాలితో పనిచేసేదొకటి, కరెంటుతో ఒకటి, కేబుల్‌తో ఒకటి, తనంతట తనే పడేదొకటి, ‘లంచ్‌బాక్స్’ అని ఇంకొకటి, ఇవన్నీ చాలవన్నట్టు ఎల్‌ఎస్‌డీ (లిమిటెడ్ స్లిప్ డిఫరెన్షియల్, జారుడుని కొంతవరకే అరికట్టేది).

ముందే ఒక మాట చెప్పేస్తాను. లాక్ పడ్డాక అన్ని లాకర్లూ ఒకటే. రెండు చక్రాలనీ ఒకే వేగంతో తిప్పడం తప్ప వాటికి వేరే విద్య రాదు. ఖరీదైనది ఎక్కువ గట్టిగా, చవకది కొంచెం వదులుగా పట్టుకోవడమంటూ ఉండదు. తేడా అంతా లాక్ లేనప్పుడు, పడబోయేటప్పుడు, విడిపోయేటప్పుడు బయటపడుతుంది. బండి జీవితంలో లాక్ అవసరమయ్యే నిమిషాలు చాలా తక్కువ. మిగతా కాలమంతా అది మీ స్టీరింగ్‌తో, టైర్లతో, యాక్సిల్ షాఫ్టులతో (చక్రాలని తిప్పే ఇరుసు కడ్డీలతో) ఎలా కాపురం చేస్తుందో చూసి కొనాలి.

## లోపల జరిగే లెక్క

ఇంజిన్ నుంచి వచ్చే తిప్పుడుని ఎడమ కుడి చక్రాలకి పంచే గేర్ల అమరికే డిఫరెన్షియల్. మామూలుదాన్ని ఓపెన్ డిఫ్ అంటారు. జారే చక్రానికే పవరంతా పోతుందని చాలామంది చెబుతుంటారు. నిజానికి అది రెండు చక్రాలకీ ఎప్పుడూ సమానంగానే టార్క్ (తిప్పే బలం) ఇస్తుంది. చిక్కల్లా, ఆ సమానం ఎంతన్నది పట్టు తక్కువున్న చక్రమే నిర్ణయిస్తుంది.

బురదలోని చక్రం 100 న్యూటన్ మీటర్లకే జారిపోతుందనుకోండి, రాతి మీది చక్రం 1,000 దాకా ఆగగలదనుకోండి. ఓపెన్ డిఫ్‌లో రాతి చక్రానికి అందేది కూడా 100 మాత్రమే, మొత్తం 200. ఒక చక్రానికి రెండోదానికంటే మూడు రెట్ల టార్క్ పంపగల గేరు రకం ఎల్‌ఎస్‌డీ అయితే 100కి 300 చేరి 400 అవుతుంది. లాకర్‌తో 1,100. ఇప్పుడు బురద చక్రం పూర్తిగా గాల్లోకి లేచిందనుకోండి. ఓపెన్ డిఫ్‌కి సున్నా. గేరు ఎల్‌ఎస్‌డీకీ సున్నాయే, సున్నాని మూడుతో హెచ్చవేస్తే వచ్చేది అంతే కదా. లాకర్‌కి మాత్రం 1,000 మిగిలే ఉంటుంది.

మరి డిఫరెన్షియల్ అసలెందుకు పెట్టారంటే మలుపుల కోసం. ఎడమ కుడి చక్రాల మధ్య దూరం మీటరున్నర ఉన్న బండి గుండ్రంగా ఒక్క చుట్టు తిరిగితే, బయటి చక్రం లోపలిదానికంటే సుమారు 9.4 మీటర్లు ఎక్కువ నడవాలి. వలయం చిన్నదైనా పెద్దదైనా ఈ తేడా మారదు. యూ-టర్న్‌లో అందులో సగం. లాక్ పడి ఉంటే ఆ తేడా ఎక్కడికీ పోలేదు. నేల మెత్తగా ఉంటే టైరు జారి సర్దుకుంటుంది. గట్టి రోడ్డు మీదైతే టైరు గీసుకుపోవాలి, లేదా షాఫ్టు మెలితిరగాలి.

## లాకర్ కంటే ముందు

టైర్లలో గాలి తగ్గించకుండా రాళ్ళెక్కేవాళ్ళకి లాకర్ దండగ. పట్టు పెంచే పనుల్లో అన్నిటికంటే చవకైనది గాలి తగ్గించడమే. తరవాత సరైన టైర్లు, ఆ తరవాత బండిని బయటికి లాగే సామాను. ఈ మూడూ ఉన్నాక కూడా చక్రం గాల్లో తిరుగుతూ ఆగిపోతుంటే అప్పుడు లాకర్ గురించి మాట్లాడుకుందాం.

ఇప్పటి బండ్లలో బ్రేకుల ద్వారా పనిచేసే ట్రాక్షన్ కంట్రోల్ ఉంటోంది. జారే చక్రానికి బ్రేక్ వేసి రెండోదానికి టార్క్ అందేలా చేస్తుంది. తేలిక దారులకి అది చాలు. కానీ చక్రం ముందు జారితేనే అది మేలుకుంటుంది, ఎత్తు మీద నెమ్మదిగా పాకాల్సిన చోట ఆ జారుడే మీ ఊపుని చంపేస్తుంది. పొడవాటి ఎక్కుడు దారిలో బ్రేకులు కూడా వేడెక్కుతాయి. వారాంతాల్లో మట్టి రోడ్ల మీద తిరిగే బండికి దీన్ని మించి కొనక్కర్లేదని నా అభిప్రాయం.

బండి ఎప్పుడూ నాలుగు చక్రాల మీద నడిచే రకమైతే మధ్య డిఫరెన్షియల్ సంగతి ముందు చూసుకోవాలి. దాన్ని లాక్ చేయకుండా వెనక లాకర్ వేస్తే, ముందు చక్రం ఒకటి గాల్లోకి లేవగానే వెనక్కి రావలసిన టార్క్ కూడా ఆగిపోతుంది.

## దేన్ని బట్టి ఎంచుకోవాలి

లాక్ లేనప్పుడు రోడ్డు మీద బండి ఎలా ఉంటుందన్నది మొదటిది. లాక్ పడటం మీ చేతిలో ఉందా, దాని ఇష్టమా అన్నది రెండోది. మధ్యదారిలో పాడైతే లాక్ విడిపోయి ఆగుతుందా, పడిపోయి ఆగుతుందా అన్నది మూడోది. దీన్ని చాలామంది అడగరు గానీ ఊరికి దూరంగా వెళ్ళేవాళ్ళు అడిగి తీరాలి. తరవాత మీ యాక్సిల్ దాన్ని భరించగలదా, బిగించే చెయ్యి దొరుకుతుందా. పేర్లు కొత్తగా ఉంటే కంగారు వద్దు, ఒక్కొక్కటీ పట్టిక కింద వస్తుంది.

| రకం | లాక్ లేనప్పుడు | ఎవరి చేతిలో | బిగింపు పని | మొరాయించే చోటు |
|---|---|---|---|---|
| గాలి లాకర్ | ఓపెన్ డిఫ్‌లాగే | మీ స్విచ్ | పెద్దది, పైగా కంప్రెసర్, గొట్టాలు | ఓ-రింగులు (రబ్బరు వలయాలు), గాలి గొట్టం |
| కరెంటు లాకర్ | ఓపెన్ డిఫ్‌లాగే | మీ స్విచ్ | పెద్దది, వైరింగ్ తేలిక | కనెక్టర్లు, వైరు |
| కేబుల్ లాకర్ | ఓపెన్ డిఫ్‌లాగే | మీ లివర్ | పెద్దది, కేబుల్ దారి చూడాలి | కేబుల్ వంపులు |
| పూర్తి కేస్ ఆటోమేటిక్ | తెలుస్తూనే ఉంటుంది | దానిదే | పెద్దది | చాలా అరుదు |
| లంచ్‌బాక్స్ | ఇంకా ఎక్కువ తెలుస్తుంది | దానిదే | చిన్నది | పాత కేస్ బలహీనత |
| గేరు ఎల్‌ఎస్‌డీ | దాదాపు తెలియదు | దానిదే | పెద్దది | చక్రం గాల్లో ఉంటే పనిచేయదు |
| స్పూల్ | విడిపోవడమే లేదు | ఎవరిదీ కాదు | పెద్దది | షాఫ్టులు, టైర్లు |

## మీ చేతిలో ఉండేవి

గాలి లాకర్. ఏఆర్‌బీ అనే కంపెనీ పేరు ఎక్కువగా వినిపించేది ఇక్కడే. స్విచ్ నొక్కగానే సొలెనాయిడ్ వాల్వ్ తెరుచుకుని, కంప్రెసర్ గాలి సన్నటి గొట్టం గుండా డిఫ్ లోపలికి వెళ్ళి ఒక పిస్టన్‌ని నెడుతుంది. ఒక సైడ్ గేరు (షాఫ్టు కొసన ఉండేది) కేస్‌కి, అంటే డిఫ్ గేర్లని పట్టి ఉంచే డబ్బాకి బిగుసుకుంటుంది, అంతటితో లాక్ పడినట్టే. స్విచ్ ఆపితే స్ప్రింగు వెనక్కి తోసేస్తుంది. గాలి లీకైతే లాక్ పడదు, ఓపెన్ డిఫ్‌లా మిగులుతుంది, మీరు ఇంటికి రాగలరు. దూరప్రయాణాలు చేసేవాళ్ళు దీన్ని ఇష్టపడటానికి ఒక కారణం ఇదే. ఇంకో కారణం, అదే కంప్రెసర్‌తో టైర్లలో మళ్ళీ గాలి కొట్టుకోవచ్చు.

దీని జబ్బులన్నీ గాలి దారిలోనే ఉంటాయి. లాక్ తీసినప్పుడు సొలెనాయిడ్ దగ్గర పుస్సుమని వదిలే గాలిలో ఆయిల్ తుంపర్లు కనిపిస్తే, డిఫ్‌లో ఆయిల్ మట్టం చూడండి. మట్టం సరిగానే ఉంటే లోపలి ఓ-రింగుల మీద అనుమానం పెట్టుకోవచ్చు. గొట్టం సైలెన్సర్‌కి తగిలి కరగడం, ముళ్ళకంపకి చిక్కి ఊడటం కూడా జరిగేవే.

కరెంటు లాకర్. ఇందులో రెండు కులాలున్నాయి. ఈటన్ ఈలాకర్ లాంటివి విద్యుదయస్కాంతంతో పనిచేస్తాయి. చుట్టకి కరెంటు ఇస్తే అది ఒక పలకని పట్టి ఆపుతుంది, ఆ నిరోధంతో ర్యాంపు మీద గోళీలు ఎక్కి పిన్నులని గేరులోకి నెడతాయి. అంటే పూర్తిగా పడటానికి చక్రం కొద్దిగా తిరగాలి. ముందుకి వెళ్తూ రివర్స్ వేసినప్పుడు ఒక క్షణం విడిపోయి మళ్ళీ పడే గుణం ఈ ర్యాంపు రకంలో ఉంది. గుంటలో ముందుకీ వెనక్కీ ఊపి బయటపడే అలవాటున్నవాళ్ళకి ఆ ‘టక్’ తెలుస్తుంది. రెండో కులం టయోటా ఫ్యాక్టరీ నుంచే ఇచ్చినట్టు చిన్న మోటారుతో ఫోర్కుని జరిపేది. పళ్ళు ఎదురెదురుగా వస్తేనే ఇది పడుతుంది. డ్యాష్‌బోర్డు మీద దీపం మిణుకుమిణుకుమంటూ ఉంటే అది పాడైనట్టు కాదు, నెమ్మదిగా కొంచెం కదిలి స్టీరింగ్ ఇటూ అటూ తిప్పితే పడిపోతుంది.

కంప్రెసర్ గోల లేదు కాబట్టి బిగింపు శుభ్రంగా ఉంటుంది. వైరు తెగితే అయస్కాంతం రకం ఓపెన్ డిఫ్‌లా మిగులుతుంది. మోటారు రకం మాత్రం ఆ క్షణాన ఎక్కడుందో అక్కడే ఆగిపోవచ్చు, లాక్ పడి ఉంటే పడే ఉంటుంది. నీళ్ళలో ఎక్కువ దిగే బండికి కనెక్టర్ల సీలింగ్ మీద ఒక పూట ఎక్కువ ఖర్చుపెట్టినా తప్పులేదు.

గాలా, కరెంటా అని అడిగేవాళ్ళకి నా జవాబు ఇది. కంప్రెసర్ ఎలాగూ కొనబోతుంటే గాలి, లేకపోతే కరెంటు. మిగతా తేడాలు ఇంతకంటే పెద్దవి కావు. మీ యాక్సిల్‌కి రెండూ దొరకడమే అరుదు, దొరికినదాన్ని బట్టే చాలామంది నిర్ణయం అయిపోతుంది.

కేబుల్ లాకర్. ఆక్స్ లాకర్ ఈ కోవలోది. లివర్ లాగితే ఫోర్కు జరిగి లాక్ పడుతుంది. గాలి లేదు, కరెంటు లేదు, పాడయ్యే వస్తువులు తక్కువ. కేబుల్‌ని మెలికల్లేకుండా, పెద్ద వంపులతో పట్టుకురావాలి, అదొక్కటే తంటా. పాత జీపుల్లో ఇది హాయిగా ఇమిడిపోతుంది.

## వాటంతట అవే పడేవి

డెట్రాయిట్ లాకర్ లాంటి పూర్తి కేస్ రకం తలకిందుల తర్కంతో పనిచేస్తుంది. లాక్‌లో ఉండటమే దాని సహజస్థితి. మలుపులో బయటి చక్రం కేస్ కంటే వేగంగా తిరగాల్సి వచ్చినప్పుడు ఆ వైపు పళ్ళు విడిపోయి దాన్ని వదిలేస్తాయి, లోపలి చక్రం ఒక్కటే బండిని తోస్తుంది. ఖాళీ స్థలంలో నెమ్మదిగా యూ-టర్న్ తీసుకుంటూ కిటికీ దించి వినండి. వెనకనుంచి టిక్ టిక్ టిక్ అని పళ్ళు దాటుతున్న చప్పుడు వస్తుంది. ఆ మలుపు మధ్యలో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ‘ధన్’ అని రెండూ మళ్ళీ కలుసుకుంటాయి, టైరు ఒక కీచుమంటుంది, బండి మలుపు వదిలి నేరుగా పోబోతుంది. పొట్టి బండిలో, అందులోనూ చేత్తో గేర్లు మార్చే బండిలో ఇది బాగా తెలుస్తుంది. పొడుగు బండిలో, ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఉన్నదాంట్లో కొంత మెత్తబడుతుంది.

బలంలో దీనికి వంక పెట్టలేం. స్విచ్ లేదు, గొట్టం లేదు, మర్చిపోయే అవకాశం లేదు. అలవాటైనవాళ్ళు మళ్ళీ వేరేదాని జోలికి పోరు. కానీ ఇంట్లో ఆ బండిని ఇంకొకరు కూడా నడుపుతుంటే, వానలో తడిసిన రోడ్డు మీద మలుపులో ఆ గుంజుడికి వాళ్ళు సిద్ధంగా ఉన్నారా అన్నది ఆలోచించుకోండి. ఎడమ కుడి టైర్లు ఒకే కొలతలో, ఒకే గాలితో ఉండాలి. ఒకటి అరిగి ఒకటి కొత్తదైతే నేరు దారిలో కూడా అది ఊరుకోదు.

లంచ్‌బాక్స్ లాకర్. మీ పాత కేస్ అలాగే ఉంచి, లోపలి స్పైడర్ గేర్లు, సైడ్ గేర్లు తీసేసి వాటి చోట పెట్టేది. ఆసీ, లాక్-రైట్, స్పార్టన్ ఈ తరహావి. తర్కం పైదే, చప్పుడు ఇంకాస్త ఎక్కువ. దీని గొప్పదనమంతా బిగింపులో ఉంది. క్రౌన్ పినియన్ (డిఫ్‌ని తిప్పే పెద్ద, చిన్న పళ్ళచక్రాల జత) సెట్టింగ్ ముట్టుకోనక్కర్లేదు కాబట్టి చేతిలో పానాలు, ఓపిక ఉన్నవాళ్ళు ఇంట్లోనే వేసుకోగలరు. అయితే కొన్ని యాక్సిళ్ళలో క్రాస్ పిన్ను బయటికి రావడానికి క్రౌన్ వీల్ అడ్డొస్తుంది. ముందే చూసుకోకపోతే మధ్యాహ్నం పని రెండు రోజులవుతుంది. కేస్ మాత్రం పాతదే, దాని బలం పెరగదు. పెద్ద టైర్లు, బరువైన కాలు ఉన్నవాళ్ళకి ఇది కాదు.

నా లెక్కలో దీనికి అసలు సరిపోయే చోటు పార్ట్-టైమ్ ఫోర్ వీల్ బండి (కావలసినప్పుడే నాలుగు చక్రాలకీ పవర్ ఇచ్చేది) ముందు యాక్సిల్. టూ వీల్‌లో ఉన్నప్పుడు ముందుకి టార్క్ రాదు, ఫ్రీ వీల్ హబ్బులు (చక్రాన్ని షాఫ్టు నుంచి విడదీసేవి) ఉంటే లోపలిదేదీ తిరగదు కూడా. అప్పుడు రోడ్డు మీద దాని చప్పుడు, గుంజుడు ఉండనే ఉండవు. తక్కువ ఖర్చుతో దాదాపు స్విచ్ లాకర్ సుఖం.

ఈటన్ ఎమ్‌లాకర్‌ది వేరే దారి. మామూలుగా ఓపెన్, రెండు చక్రాల మధ్య తేడా నిమిషానికి సుమారు 100 చుట్లు దాటితే తనే లాక్ అవుతుంది, గంటకు 32 కిలోమీటర్లు దాటిన వేగంలో పడదు. 30 అంగుళాల టైరు అంచు దగ్గర ఆ 100 చుట్లంటే గంటకు 14 కిలోమీటర్ల తేడా. కాబట్టి చక్రం జారుతోందని భయపడి కాలు తీసేస్తే అది పడదు. యాక్సిలరేటర్ నిలకడగా పట్టి, ‘టక్’ మనేదాకా ఆగాలి. కొత్తగా నడిపేవాళ్ళు అది పనిచేయడం లేదని అనుకోవడానికి సగం కారణం ఇదే.

## ఎల్‌ఎస్‌డీ, స్పూల్, వెల్డింగ్

ఎల్‌ఎస్‌డీ లాకర్ కాదు. గేరు రకం ట్రూట్రాక్, టోర్సెన్ లాంటివి రోడ్డు మీద చాలా మర్యాదగా ఉంటాయి, ఇసుకలో, తడి మట్టిలో, మంచులో మంచి పని చేస్తాయి. చక్రం గాల్లోకి లేస్తే మాత్రం చేతులెత్తేస్తాయి. అప్పుడు బ్రేకుని కొంచెం నొక్కి పట్టి యాక్సిలరేటర్ ఇస్తే, గాల్లోని చక్రానికి నిరోధం దొరికి రెండోదానికి టార్క్ వెళ్తుంది. క్లచ్ పలకల రకం కాలక్రమంలో అరుగుతుంది, దానికి వేసే ఆయిల్‌లో ప్రత్యేక కలుపు మందు కావాలి.

స్పూల్ అంటే డిఫరెన్షియల్ తీసేసి రెండు షాఫ్టులనీ శాశ్వతంగా కలిపేయడం. రోడ్డు ఎక్కని పోటీ బండికి సరే. గేర్లని వెల్డింగ్ చేసేయడం దానికి బీదరూపం. గేరు ఉక్కు ఆ వేడికి పెళుసెక్కుతుంది, ముక్క ఊడితే హౌసింగ్‌ని కూడా తనతో తీసుకుపోతుంది. రోజూ రోడ్డు మీద తిరిగే బండికి ఎవరైనా ఇది సలహా ఇస్తే ఇంకొకరిని అడగండి.

## ముందా, వెనకా

ఒక్కటే కొనగలిగితే చాలామందికి వెనకదే. ఎత్తు ఎక్కేటప్పుడు బరువు వెనక్కి వస్తుంది, పట్టు ఉన్నది అక్కడే. పైగా వెనక లాక్ పడినా స్టీరింగ్ చాలావరకు మీ మాట వింటుంది. ముందు లాక్ పడితే స్టీరింగ్ బరువెక్కుతుంది, చక్రాలు నేరుగానే పోవాలని చూస్తాయి. ముందు చక్రం పూర్తిగా తిప్పి ఉన్నప్పుడు యాక్సిలరేటర్ తొక్కితే సీవీ జాయింటు (వంగుతూనే చక్రాన్ని తిప్పే షాఫ్టు కీలు) విరగడానికి అంతకంటే మంచి ముహూర్తం ఉండదు. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ ఉన్న బండ్లకి ఈ హెచ్చరిక రెట్టింపు.

ముందు లాకర్ సత్తా నిలువు మెట్టులాంటి రాళ్ళ దగ్గర కనిపిస్తుంది. ముందు చక్రాలు రెండూ కలిసి పాకి పైకి ఎక్కితే, వెనక తోపు బండిని రాతికేసి కొట్టే బదులు ఎత్తుతుంది. ఫ్యాక్టరీవాళ్ళు కూడా గట్టి దారుల బండికి రెండూ ఇస్తారు. జీప్ రాంగ్లర్ రూబికాన్‌కి 2003 నుంచి ముందూ వెనకా ఉన్నాయి. మెర్సిడెస్ జీ-క్లాస్‌కి మధ్యదానితో కలిపి మూడు.

వెనక లాకర్‌కి ఒక చెడ్డ గుణం ఉంది, అది పక్క వాలులో బయటపడుతుంది. ఓపెన్ డిఫ్‌లో ఒక చక్రం జారినా రెండోది తిరగకుండా నిలబడి పక్కకి పట్టు ఇస్తుంది. లాక్ పడితే రెండూ ఒకేసారి జారతాయి, తోక వాలు కిందికి జారుతుంది. తడి బంకమట్టి పక్కవాలులో, మంచు మీద లాక్ తీసేయడమే క్షేమం. ఆటోమేటిక్ రకంలో తీసేయడమనే వీలే లేదు, ఆ ప్రాంతాల్లో ఎక్కువ తిరిగేవాళ్ళు స్విచ్ ఉన్నదానికి డబ్బు పెట్టడం నయం.

## ఎవరికి ఏది

రోజూ ఆఫీసుకి తిరిగి, నెలకో రెండు నెలలకో కొండదారికి వెళ్ళే బండికి వెనక స్విచ్ లాకర్ ఒక్కటి. అందులో నాకు రెండో ఆలోచన లేదు. అంత ఖర్చు ఇప్పుడు కుదరకపోతే ఆగి డబ్బు కూడబెట్టుకోండి, ఈలోగా ట్రాక్షన్ కంట్రోల్‌తో, తగ్గించిన గాలితో ఎంత దూరం వెళ్ళగలరో మీరే ఆశ్చర్యపోతారు.

పాత పార్ట్-టైమ్ బండి, చేతిలో డబ్బు తక్కువ, పానా పట్టడం వచ్చు అంటే ముందు లంచ్‌బాక్స్. వెనక ఏదీ లేకుండా ముందు మాత్రమే వేయడం వింతగా అనిపించవచ్చు గానీ, రోడ్డు నడక చెడకుండా తక్కువ ఖర్చుతో వచ్చే లాభం అదే.

బండిని ట్రెయిలర్ మీద తీసుకెళ్ళి రాళ్ళలోనే దింపేవాళ్ళకి వెనక పూర్తి కేస్ ఆటోమేటిక్, ముందు స్విచ్ రకం. సామాను నింపుకుని వారాల తరబడి తిరిగేవాళ్ళకి ముందూ వెనకా స్విచ్ రకమే, అది ఫెయిలైతే ఓపెన్‌గా మిగలాలి. ఇసుకలో ఎక్కువ తిరిగేవాళ్ళకి గేరు ఎల్‌ఎస్‌డీ కూడా తక్కువేం కాదు, ఇసుకలో చక్రాలు గాల్లోకి లేవడం అరుదు.

ఈఎస్‌పీ (బండి అదుపు తప్పకుండా చూసేది), ఏబీఎస్ (బ్రేకు వేస్తే చక్రం బిగుసుకోకుండా చూసేది) ఉన్న కొత్త బండికి ఆటోమేటిక్ లాకర్ వేయబోతే ఒక క్షణం ఆగండి. ఆ కంప్యూటర్ నాలుగు చక్రాల వేగాలనీ విడివిడిగా చదివి నిర్ణయాలు తీసుకుంటుంది. ఫ్యాక్టరీ లాకర్ ఉన్న బండ్లలో లాక్ పడగానే ఈఎస్‌పీ పక్కకి తప్పుకునేలా రాసి ఉంటారు. బయట వేయించినదానికి ఆ ఏర్పాటు ఉండదు.

## ఆర్డర్ పెట్టే ముందు

ఇంజిన్ 250 న్యూటన్ మీటర్లు, మొదటి గేరు నిష్పత్తి 4, లో రేంజ్ (ఫోర్ వీల్‌లో నెమ్మది గేరు) 2.5, ఫైనల్ డ్రైవ్ (క్రౌన్ పినియన్) 4 అనుకుంటే యాక్సిల్ దగ్గరికొచ్చేసరికి 10,000 అవుతుంది. ముందు యాక్సిల్ వాటా, ఘర్షణ నష్టాలు పక్కన పెట్టండి. ఓపెన్ డిఫ్‌లో ఒక షాఫ్టుకి అందులో సగం మించి రాదు. లాకర్‌లో రెండో చక్రం గాల్లో ఉంటే మొత్తం ఒక్క షాఫ్టు మీదే పడవచ్చు. టైరు పట్టు అంత ఉండదు కాబట్టి సాధారణంగా ముందే జారుతుంది. పెద్ద టైరు రాళ్ళ సందులో ఇరుక్కుంటే మాత్రం జారదు, షాఫ్టు విరుగుతుంది. డేనా 35 లాంటి పేరుపడ్డ బలహీన యాక్సిల్‌లో ఖరీదైన లాకర్ పెట్టడం కంటే యాక్సిల్ మార్చడం మేలు.

యాక్సిల్ మోడల్, షాఫ్టు కొసన ఉండే స్ప్లైన్ల (గాడుల) సంఖ్య, క్రౌన్ పినియన్ నిష్పత్తి, ఈ మూడూ రాసుకోండి. ఒకే యాక్సిల్‌లో కూడా నిష్పత్తిని బట్టి కేస్ మారుతుంది. డేనా 44లో 3.73 వరకు ఒక కేస్, 3.92 నుంచి ఇంకొకటి. రేపు పెద్ద టైర్లు వేసి నిష్పత్తి మార్చే ఆలోచన ఉంటే రెండు పనులూ ఒకేసారి చేయించండి, కూలి ఒక్కసారే. ఏబీఎస్ రింగు కేస్ మీద ఉండే బండ్లలో కొత్త కేస్‌కి ఆ రింగు పడుతుందో లేదో కూడా అడగండి.

## బిగింపు

మంచి లాకర్‌ని చెడ్డ సెట్టింగ్ చంపేస్తుంది. విప్పే ముందే క్రౌన్ పినియన్ పళ్ళ మధ్య పాత ప్లే (వదులు) ఎంతుందో డయల్ గేజ్‌తో కొలిచి రాసుకోవాలి. మెకానిక్ ఆ పని చేయకుండా నేరుగా బోల్టుల మీదకి పోతే అక్కడే అనుమానించండి. బేరింగ్ క్యాపుల మీద పంచ్‌తో గుర్తులు కొట్టాలి. ఎడమది కుడికి, పైది కిందికి మారితే బేరింగ్ ఎప్పటికీ సరిగ్గా కూర్చోదు.

క్రౌన్ వీల్‌ని కొత్త కేస్ మీద సుత్తితో కొట్టి ఎక్కించకూడదు. మరిగే నీళ్ళంత వేడి చేస్తే అది వ్యాకోచించి తేలిగ్గా దిగుతుంది. తడి పూర్తిగా ఆరాక, కొత్త బోల్టులు, థ్రెడ్ లాకర్ వేసి, ఎదురెదురు వరసలో టార్క్ రెంచ్‌తో బిగించాలి. కేస్ బేరింగులు కొత్తవే వేయించండి, అన్నీ విప్పాక పాతవాటితో పొదుపు చేయడంలో అర్థం లేదు.

తరవాతది ఓపిక పని. షిమ్ములతో (సన్నటి లోహపు పలకలతో) క్రౌన్ పినియన్ మధ్య ప్లే సరిచేయాలి. చాలా యాక్సిళ్ళకి అది 0.15 నుంచి 0.25 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ మాన్యువల్ చెప్పిందే చివరి మాట. ఒక వైపు షిమ్ ఎంత తీస్తే రెండో వైపు అంతే వేయాలి, లేకపోతే బేరింగ్ బిగువు మారిపోతుంది. నాలుగు చోట్ల కొలవాలి, ఒక్కచోట కొలిచి సరే అనకూడదు. పళ్ళకి మార్కింగ్ పేస్టు పూసి, చేత్తో రెండు వైపులా తిప్పి అచ్చు చూడాలి. అచ్చు పంటి మొదట్లో లోతుగా పడితే పినియన్ మరీ దగ్గరగా ఉంది. కొస మీద పడితే దూరంగా ఉంది. పంటి మధ్యలో పరుచుకుంటే పని బాగా కుదిరినట్టే. ఆ అచ్చుకి ఫోటో తీసి పంపమని మీ మెకానిక్‌ని అడగండి. పని తెలిసినవాడు మీరు అడగకముందే పంపుతాడు.

గాలి గొట్టం గానీ, వైరు గానీ యాక్సిల్ పూర్తిగా కిందికి వేలాడినప్పుడు లాగబడకుండా వదులు ఉంచాలి. బండి నేల మీద నిలబడి ఉండగా కొలిస్తే పొట్టిగా వస్తుంది. స్విచ్‌కి మూత ఉండేది పెట్టించుకుంటే హైవేలో పిల్లల చెయ్యి తగిలి పడే బెడద ఉండదు. ఆయిల్ తయారీదారు చెప్పిందే పోయండి, ఎక్కువ లాకర్లకి మామూలు జీఎల్-5 చాలు. కొత్త క్రౌన్ పినియన్ కూడా వేయించి ఉంటే మొదట్లో నెమ్మదిగా, మధ్య మధ్య ఆపి చల్లార్చుకుంటూ నడపాలి. సుమారు 800 కిలోమీటర్లకి ఆయిల్ మార్చండి. డ్రెయిన్ బోల్టు అయస్కాంతం మీద బూడిదరంగు మెత్తటి పొడి ఉంటే అది మామూలే. వేలికి గుచ్చుకునే ముక్క ఉంటే బండిని మళ్ళీ పైకెత్తించాలి.

మొదటిసారి పరీక్ష చదునైన మట్టి నేల మీద చేయండి. బండి ఆపి, లాక్ వేసి, నెమ్మదిగా కదలండి. అడ్డంకికి ముందే వేయడం అలవాటు చేసుకోవాలి, జారుతున్న చక్రం మీద వేస్తే ఆ దెబ్బ పళ్ళ మీద పడుతుంది. స్విచ్ ఆపినా లాక్ విడిపోకపోతే కంగారు పడకండి, షాఫ్టుల్లో మెలి మిగిలి ఉంటుంది. స్టీరింగ్ నేరుగా పెట్టి రెండు మూడు మీటర్లు వెనక్కి రండి, ఎక్కువసార్లు అంతటితో వదిలేస్తుంది. అప్పటికీ వదలకపోతే గట్టి రోడ్డు ఎక్కకుండా అక్కడే ఆపి, గాలి లాకరైతే గొట్టం ఊడదీసి, అయస్కాంతం రకం కరెంటుదైతే కనెక్టర్ తీసి చూడండి. తప్పు డిఫ్ బయట ఉందో లోపల ఉందో అక్కడే తేలిపోతుంది.